పొగమంచులో నావ

విద్యార్థులు ఆడుకొనే కంప్యూటర్ ఆటలను గురించి పెద్దల నోట రెండు రకాల మాటలు వినవస్తూ ఉంటాయి. అవి చదువును చెరుపుతాయి గనుక నిషేధించవలసిందేనని కొందరంటారు. అవి వట్టి ఆటలే గనుక పట్టించుకోనక్కరలేదని మరికొందరంటారు. ఈ రెండు పక్షాలలోనూ ఒకే లోపం ఉన్నదని మేము భావిస్తున్నాము. నిషేధించమనేవారు గాని, ఉపేక్షించమనేవారు గాని ఆ ఆటలో ఏమున్నదో తెలుసుకొనే శ్రమ తీసుకోరు. గ్రంథం తెరవకుండానే దాని మీద తీర్పు చెప్పే విద్యార్థిని మనం తరగతిలో మందలిస్తాము. ఆటల విషయంలో మనకు మాత్రం వేరే న్యాయం ఉండరాదు. అందుచేత ఈ వ్యాసంలో ఒకే ఒక ఆటను, అందులోనూ ఒకే ఒక ఘట్టాన్ని, అనగా పొగమంచు కమ్మిన సముద్రం మీద నావ నడపడాన్ని తీసుకొని, అది మన యువతకు ఏమి నేర్పుతున్నదో, ఏమి నేర్పలేకపోతున్నదో పరిశీలించదలచాము.

ఆ ఆట పేరు వాల్‌హైమ్. స్వీడన్ దేశానికి చెందిన ఐరన్ గేట్ అనే చిన్న సంస్థ దీనిని 2021 ఫిబ్రవరి 2వ తేదీన విడుదల చేసింది. 2022 ఏప్రిల్ నాటికి కోటి ప్రతులు అమ్ముడుపోయాయి. ఇటువంటి వాటిని మనుగడ ఆటలని పిలుస్తున్నారు. ఆటగాడు దాదాపు వట్టి చేతులతో ఒక అడవిలో నిలబడతాడు. కట్టెలు కొట్టి, రాళ్లు ఏరి, గుడిసె వేసుకొని, వేటాడి కడుపు నింపుకొని, క్రమక్రమంగా లోహాలు కరిగించే స్థితికి ఎదగాలి. ఒకే లోకంలో 10 మంది వరకు కలిసి ఆడవచ్చు. ఆ లోకం నిండా దీవులు, వాటి మధ్య సముద్రాలు. ఒకచోటి నుండి మరొకచోటికి క్షణంలో చేర్చే మాయాద్వారాలు కూడా అందులో ఉన్నాయి. అయితే రాగి, తగరం, ఇనుము వంటి లోహాలను ఆ ద్వారాల గుండా తీసుకుపోవడానికి ఆట యొక్క సాధారణ నియమాలు అంగీకరించవు. గంటల తరబడి తవ్వి తీసిన ఇనుము ఇల్లు చేరాలంటే ఓడకెక్కించి సముద్రం దాటక తప్పదు. ఆటగాణ్ణి నావికుణ్ణిగా మార్చుతున్నది ఈ ఒక్క నియమమే.

ఆటలో మొదట దొరికేది ఒక తెప్ప. తరువాత కార్వ్ అనే చిన్న ఓడ, ఆ పిమ్మట లాంగ్‌షిప్ అనే పొడవాటి ఓడ కట్టుకోవచ్చు. ఏ ఓడకైనా గాలియే ఆధారం. గాలి ఎటు వీస్తున్నదో తెలిపే గుర్తు తెర మీద కనపడుతూ ఉంటుంది. గాలి వెనుక నుండి వీస్తే తెరచాప నిండుగా ఎత్తవచ్చు. అది ఎదురు తిరిగితే తెరచాప దించి తెడ్డు వేయాలి. లేదా కుడికీ ఎడమకూ వాలుగా మళ్లుతూ ముందుకు సాగాలి. వర్షం కురుస్తుంది, తుఫాను లేస్తుంది, అలలు ఓడను ఎత్తి కుదేస్తాయి. రాత్రివేళ, తుఫానువేళ నడిసముద్రంలో మహాసర్పాలు వెంటబడతాయి. వీటన్నిటికీ తోడు కొన్ని సమయాలలో పొగమంచు కమ్ముకొని రాగా, అంతవరకు కళ్ల ఎదుట ఉన్న తీరం మాయమైపోతుంది.

అటువంటి వేళ ఆరితేరిన ఆటగాడు ఏమి చేస్తాడన్నదే ఇక్కడ గమనించదగిన విషయం. అతడు తెరచాపను సగానికి దించుతాడు, లేదా పూర్తిగా దించి తెడ్డు మీద నిదానంగా కదులుతాడు. తీరాన్ని మరీ విడిచి దూరం పోడు, రాళ్లు తగిలేంత దగ్గరకూ పోడు. చుక్కాని ఒకరు పట్టుకొంటే తక్కినవారు చెరొక దిక్కు చూస్తూ కూర్చుంటారు. ఓడ నిండా ఇనుము ఉన్నప్పుడు చీకటి పడితే, ఏదో ఒక దీవి పక్కన ఓడను నిలిపి తెల్లవారేదాకా ఆగుతాడు. ఆరితేరని వాడు మాత్రం తొందరపడి నిండు తెరచాపతో మంచులోకి దూసుకుపోయి, బండను ఢీకొని, సరుకంతా నీటిపాలు చేసుకొంటాడు. నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పిన మాటను ఈ ఆట ఉపన్యాసం లేకుండానే నేర్పుతున్నదని ఒప్పుకోవాలి. ప్రకృతి మన ఆజ్ఞకు కట్టుబడదనీ, దాని తీరును గమనించి మన నడకను మార్చుకోవాలనీ అది చెబుతున్నది. గాలి వచ్చినప్పుడే తూర్పార పట్టుకోమన్న రైతు సామెతలోని జ్ఞానమూ ఇదే. ఇంతవరకు ఈ ఆటను మేము మెచ్చుకొంటున్నాము.

ఈ జ్ఞానం స్వీడన్ నుండి కొత్తగా దిగుమతి అయినది కాదని కూడా మన విద్యార్థులు గుర్తించాలి. తెలుగువారు నిత్యం వాడే లంగరు, తుఫాను, సరంగు అనే మాటలు అరబ్బీ, పారశీక భాషల నుండి ఓడల వెంట, వర్తకుల వెంట మనకు చేరినవి. ఉర్దూలో వాతావరణాన్ని మౌసమ్ అంటాము. ఋతువు అనే అర్థం గల ఆ అరబ్బీ పదమే పోర్చుగీసు వారి నోట మారి, ఇంగ్లీషులో మాన్‌సూన్ అయింది. ఓడ బయలుదేరవలసిన కాలాన్ని తెలిపే మాటయే గాలికీ, వానకూ పేరైనదన్నమాట. 15వ శతాబ్దంలో జుల్ఫార్ వాస్తవ్యుడైన అహ్మద్ ఇబ్న్ మాజిద్ అనే మహానావికుడు ‘కితాబుల్ ఫవాయిద్’ అనే గ్రంథంలో నక్షత్రాలను గురించీ, గాలులను గురించీ, ఏ రేవు నుండి ఏ కాలంలో బయలుదేరాలో ఆ కాల నిర్ణయాన్ని గురించీ వివరంగా వ్రాశాడు. ఆనాటి నావికులు కమాల్ అనే చిన్న చెక్కపలకకు ముడులు వేసిన దారం కట్టి, దానితో ధ్రువనక్షత్రం ఎత్తును కొలిచేవారు. దిక్సూచికి ఉర్దూలో కుతుబ్‌నుమా అని పేరు. ధ్రువనక్షత్రాన్ని చూపేది అని దాని అర్థం. మబ్బు కమ్మి ఆ నక్షత్రమే కనపడనప్పుడు పక్షుల రాకపోకలు, నీటి రంగు, అడుగున తగిలే మన్ను వంటి గుర్తులను బట్టి తీరం ఎంత దూరమో ఊహించేవారు.

వాల్‌హైమ్ ఆటలో మోడర్ అనే డ్రాగన్‌ను జయించినవాడికి ఒక వరం లభిస్తుంది. ఆ వరం కోరుకొంటే 5 నిమిషాల పాటు గాలి ఎల్లప్పుడూ వెనుక నుండే వీస్తుంది. మళ్లీ కోరుకోవాలంటే 20 నిమిషాలు ఆగాలి. మన సముద్రాలను దాటిన పూర్వనావికులకు ఇటువంటి వరం ఏదీ లేదు. ఎదురుగాలి తిరిగేదాకా వారు పరాయి రేవులలో నెలల తరబడి కాచుకొన్నారు. ఆ నిరీక్షణను వారు ఓటమిగా భావించలేదు; అది వారి విద్యలో ఒక భాగం.

ఇక ఆట నేర్పలేని విషయానికి వద్దాము. ఆటలోని పొగమంచుకూ, నిజమైన పొగమంచుకూ మూడు భేదాలున్నాయి. మొదటిది, ఆటలో ఎంత మంచు కమ్మినా తెర మూలన ఉన్న పటం మనం ఎక్కడ ఉన్నామో చూపుతూనే ఉంటుంది. కావాలని పటం తీసివేసి ఆడేవారు ఉన్నా వారు కొద్దిమందే. రెండవది, ఆటలో మరణం శాశ్వతం కాదు. మునిగినవాడు మళ్లీ తన పడక మీద కళ్లు తెరుస్తాడు. సంపాదించిన నైపుణ్యం కొంత తగ్గుతుంది. పోయిన సామానును చచ్చిన చోటికి వెళ్లి తెచ్చుకోవచ్చు. ఈ రెండు భేదాలు అందరికీ తెలిసినవే. మూడవది వీటికంటె ముఖ్యమైనదని మా అభిప్రాయం. ఆటలోని సముద్రం మీద ఎదురుగా వచ్చే పరాయి ఓడ ఉండదు. ఉన్నది మనమూ, మన స్నేహితులూ మాత్రమే. కనుక మంచులో జాగ్రత్త పడితే అది మన సరుకు కోసం, మన ప్రాణం కోసం. ఎదుటివాడి కోసం జాగ్రత్త పడవలసిన సందర్భమే అక్కడ లేదు.

నిజమైన సముద్రం మీద నావికుల ధర్మశాస్త్రం సరిగ్గా ఈ ఎదుటివాడితోనే మొదలవుతుంది. ఓడలు ఒకదానినొకటి ఢీకొనకుండా 1972లో కుదుర్చుకొన్న అంతర్జాతీయ నియమావళి 1977 నుండి అమలులో ఉన్నది. కంటితోనే కాక చెవితో కూడా నిరంతరం కాపలా కాయాలనీ, ఎంత దూరం కనపడుతున్నదో దానికి తగిన వేగంతోనే పోవాలనీ అది శాసిస్తున్నది. అంతేకాదు. మంచులో కదులుతున్న యాంత్రిక నౌక 2 నిమిషాలకు మించకుండా ఒకసారి దీర్ఘంగా కూత వేయాలి. తెరచాప ఓడ అయితే ఒక దీర్ఘమైన కూత, వెంటనే రెండు పొట్టి కూతలు వేయాలి. లంగరు వేసి నిలిచిన ఓడ నిమిషానికొకసారి గంట మోగించాలి. ఈ కూతల వల్ల కూత వేసినవాడికి దారి కనపడదు. నేను ఇక్కడ ఉన్నాను, నీవు జాగ్రత్త సుమా అని కనపడని మనిషికి చెప్పడమే వాటి ప్రయోజనం. పొగమంచులో మొదటి ధర్మం మనకు కనపడనివాడి ప్రాణాన్ని గుర్తుంచుకోవడమని ఈ నియమాలు చాటుతున్నాయి.

యంత్రాలున్న కాలంలో ఈ ధర్మంతో పనేమిటని కొందరు అడగవచ్చు. వారికి 1956 జూలై 25వ తేదీ రాత్రి జరిగిన ఘోరాన్ని గుర్తు చేస్తాము. అమెరికా తూర్పు తీరాన నాన్‌టకెట్ దీవికి సమీపంలో ఇటలీ నౌక ఆండ్రియా డోరియా, స్వీడన్ నౌక స్టాక్‌హోమ్ ఎదురెదురుగా వస్తున్నాయి. రెండింటిలోనూ రాడార్ ఉన్నది. రెండూ రాడార్ తెర మీద ఒకదానినొకటి చూచాయి. అయినా దట్టమైన మంచులో కూడా ఆండ్రియా డోరియా తన వేగాన్ని కొద్దిగా మాత్రమే తగ్గించి, 20 నాట్లకు మించిన వేగంతో వస్తున్నది. రాడార్ చూపిన చుక్కను రెండు ఓడల వారూ రెండు విధాలుగా అర్థం చేసుకొన్నారు. ఒకరు ఎడమకు, ఒకరు కుడికి తిప్పగా, స్టాక్‌హోమ్ ముక్కు ఆండ్రియా డోరియా పక్కటెముకలలోకి దిగబడింది. 51 మంది మరణించారు. మరునాటి ఉదయం ఆ మహానౌక మునిగిపోయింది. ఇతర ఓడలు పరుగున వచ్చి 1600 మందికి పైగా ప్రయాణికులను, సిబ్బందిని కాపాడినందున ప్రాణనష్టం అంతటితో ఆగింది. యంత్రం చుక్కను చూపగలదు. ఆ చుక్క వెనుక ఉన్న మనుషుల పట్ల బాధ్యతను మాత్రం మనిషే వహించాలి.

మన కళాశాల సముద్ర తీరాన లేదు గదా, ఈ ఓడల గొడవ మనకెందుకని విద్యార్థులు అనుకోవచ్చు. పొగమంచు సముద్రం మీదనే కమ్మదు. వెచ్చని తేమగాలి చల్లని నీటి మీదికి వచ్చినప్పుడు సముద్రపు మంచు పుడుతుంది. అది రోజుల తరబడి నిలిచిపోగలదు. మన నేల మీద మంచు పుట్టే తీరు వేరు. శీతాకాలంలో ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి కదలని రాత్రులలో నేల తన వేడిని కోల్పోయి చల్లబడుతుంది. దానికి తగిలిన తేమగాలి సూక్ష్మమైన నీటి బిందువులుగా మారి తెల్లవారుజామున దట్టంగా నిలబడుతుంది. వెయ్యి మీటర్ల లోపు దూరమే కనపడితే వాతావరణ శాస్త్రజ్ఞులు దానిని పొగమంచుగా లెక్కిస్తారు. 200 మీటర్ల లోపైతే దట్టమైన మంచు, 50 మీటర్ల లోపైతే అతి దట్టమైన మంచు. చెరువు గట్ల మీద, కాలువల పక్కన, పల్లపు భూముల మధ్య సాగే మన రహదారులను డిసెంబరు, జనవరి ఉదయాలలో చూచినవారికి ఇది కొత్త కాదు.

ఆ రహదారుల మీదనే మన విద్యార్థులు మోటారు సైకిళ్లపై కళాశాలకు వస్తారు. కొంచెం లెక్క వేసి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ముందు 50 మీటర్లే కనపడుతున్నవనుకొందాము. ఎదుటి నుండి వచ్చేవాడికీ అంతే కనపడుతుంది గనుక, కనపడే దూరంలో సగంలోపల ఆగగలగాలి. నావికుల పాత నియమం ఇదే. ఆ సగం 25 మీటర్లు. ఆపదను గుర్తించి బ్రేకు వేయడానికి ఒక సెకను పడితే, అందులోనే 17 మీటర్లు గడిచిపోతాయి. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులు కూడా ఆ వేగాన్ని పూర్తిగా ఆపడానికి మరో 20 మీటర్లు తీసుకొంటాయి. మొత్తం 37 మీటర్లు, ఉన్నది 25. గంటకు 40 కిలోమీటర్లతో పోతే 11, 9 కలిసి 20 మీటర్లలో బండి ఆగుతుంది. బతుకుకూ చావుకూ మధ్య ఉన్నది ఆ తేడాయే. మంచుకు తడిసిన రోడ్డు అయితే ఇంకా నిదానంగా పోవాలి.

ఆటలో చక్కగా తెరచాప దించే విద్యార్థే రోడ్డు మీద ఆ పని చేయకపోవడానికి కారణమేమిటి? ఆటలో తన ఇనుము పోతుందన్న భయం ఉన్నది. రోడ్డు మీద తనకేమీ కాదన్న ధీమా ఉన్నది. ఈ ఇద్దరినీ కలిపి చూస్తే అసలు లోటు తెలుస్తుంది. స్వప్రయోజనం నేర్పిన జాగ్రత్త స్వప్రయోజనం కనపడినంతవరకే నిలుస్తుంది. మంచుకు అవతల పాలక్యాను కట్టుకొని సైకిలు తొక్కే పెద్దాయన ఉండవచ్చు, కూరగాయల తట్టతో అంగడికి నడిచే అమ్మ ఉండవచ్చు, బడికి పోయే పిల్ల ఉండవచ్చు. వారెవరి దగ్గరా కూత వేసే యంత్రం లేదు. వారి తరఫున జాగ్రత్త వహించవలసినవాడు బండి మీద ఉన్నవాడే. దీపం వేయడం, హారను మోగించడం, వేగం తగ్గించడం, ఆగవలసి వస్తే రోడ్డు మీద కాక రోడ్డు దిగి ఆగడం అనే నాలుగు పనులూ తనకోసం కంటె వారికోసమే చేయాలి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అనే సామెత కృతఘ్నులను గురించి పుట్టింది. తాను దాటితే చాలుననుకొనే ప్రతివాడికీ అది వర్తిస్తుంది.

ఆటను ఇంతగా విమర్శించేకంటె నిషేధిస్తే సరిపోదా అని కొందరు పెద్దలు అడగవచ్చు. సరిపోదని మా సమాధానం. నిషేధించిన ఆటను చాటుగా ఆడతారు; అందులో నేర్చుకోదగినది ఉన్నా, దానిని గురించి మనతో మాట్లాడరు. రాత్రంతా మేలుకొని ఆడేవారిని మందలించవలసిందే. చదువుకు, నమాజుకు, నిద్రకు కేటాయించిన కాలాన్ని ఏ ఆటా మింగరాదు. అయితే మందలింపు ఒకటి, అవగాహన మరొకటి. విద్యార్థి ఇష్టపడి నేర్చుకొన్న సగం పాఠాన్ని పూర్తి చేయడం అధ్యాపకుల పని. భౌతికశాస్త్ర అధ్యాపకుడు మంచు ఎట్లా పుడుతున్నదో చెప్పవచ్చు. భూగోళ అధ్యాపకుడు ఋతుపవనాలను వివరించవచ్చు. ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి ఓడల వెంట వచ్చిన మాటలను వెదకి కూర్చవచ్చు. సాహిత్య సంఘం తరఫున అటువంటి సభ ఒక్కటి జరిగితే, ఆ ఆట ఆడేవారే అందరికంటె ముందు వచ్చి కూర్చుంటారని మా నమ్మకం.

కళాశాల పాలక వర్గానికి మరొక మనవి. మంచు కమ్మిన ఉదయాన విద్యార్థి వేగంగా రావడానికి కారణం అన్నివేళలా దుడుకుతనం కాదు. మొదటి పీరియడు హాజరు పోతుందన్న భయం కూడా కారణమే. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరనీ, స్కాలర్‌షిప్ ఆగిపోతుందనీ పేద కుటుంబాల పిల్లలకు బాగా తెలుసు. మన నేల మీది మంచు సూర్యుడు కొంత పైకి వచ్చేసరికి సాధారణంగా విడిపోతుంది. కనుక డిసెంబరు, జనవరి మాసాలలో దట్టమైన మంచు పడిన రోజులలో మొదటి పీరియడు హాజరు విషయంలో అరగంట సడలింపు ఇవ్వవలసిందని కోరుతున్నాము. ఇందుకు ధనవ్యయం లేదు, కొత్త కట్టడం అవసరం లేదు. హాజరు పట్టికలో ఒక గీత ఆలస్యంగా పడుతుంది, అంతే. తొందరపడవద్దని విద్యార్థికి బోధిస్తూనే, తొందరపడక తప్పని నిబంధనను అతని నెత్తిన ఉంచడం న్యాయం కాదు.

ప్రియ విద్యార్థులారా, ఆటలో ఓడను కాపాడుకొనే నేర్పు మీకున్నది. గాలిని గమనించడం, తెరచాప దించడం, తెల్లవారేదాకా ఆగడం మీకు తెలుసు. ఆ నేర్పును ఆట దగ్గరే వదిలివేయక మీ వెంట రహదారి మీదికి తీసుకురండి. దానికి ఆట నేర్పలేని ఒక్క మాటను మాత్రం జోడించండి: మంచులో మనకు కనపడకపోయినా ఎదుట మనిషి ఉంటాడు. అతడు ఉన్నాడని తలచి బండి నడిపేవాడికి అరగంట ఆలస్యమైతే కావచ్చును గాని, అతని వల్ల ఏ ఇంటా దీపం ఆరిపోదు.